ఫ్లానెల్ బొంతకి అడుగు లెక్క

నా దగ్గరికి ఫ్లానెల్ బొంత పట్టుకొచ్చేవాళ్ళు ముందుగా పైభాగం పరిచి చూపిస్తారు. గళ్ళు ఎంత కచ్చితంగా కలిశాయో, మూలలు ఎలా కుదిరాయో వేలు పెట్టి మరీ చెబుతారు. నేనూ వంగి చూస్తాను, మెచ్చుకోవాల్సినచోట మెచ్చుకుంటాను. తర్వాత అడుగుతాను: ‘‘అడుగు గుడ్డ తెచ్చారా? అది ఉతికిందా, ఉతకనిదా? పైన వాడిన గుడ్డ ఉతికాకే కోశారా?’’ చాలామంది అప్పుడు సంచీలోకి తొంగి చూసుకుంటారు.

మీరు ఈ పని నేర్చుకోవాలని వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారనుకుంటాను. మొదటి పాఠం ఆ మూడు ప్రశ్నలే. పైభాగం కుట్టడం అయిపోయాక అడుగు సంగతి ఆలోచించేవాళ్ళు సగం నిర్ణయాలు చేజార్చుకున్నట్టే. ఫ్లానెల్‌తో అయితే ముప్పాతిక భాగం.

నేను ఉండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ శివార్లలో. ఇంటి బేస్‌మెంట్లో పన్నెండడుగుల ఫ్రేము, దాని మీద లాంగ్‌ఆర్మ్ మెషిన్. ముక్కలు కలిపి టాప్ కుట్టేది వేరేవాళ్ళు. ఆ టాప్‌నీ, మధ్యలో దూది పొర అయిన బ్యాటింగ్‌నీ, కింద వచ్చే బ్యాకింగ్‌నీ కలిపి కుట్టి బొంత చేసేది నేను. మామూలు మిషన్లో సూది ఒకచోటే ఆడుతుంది, గుడ్డని మనం జరుపుతాం. ఇక్కడ గుడ్డ రోలర్ల మీద బిగిసి ఉంటుంది, మెషిన్ తలకాయే పట్టాల మీద తిరుగుతుంది. గుడ్డలో వంకర ఉంటే ఫ్రేము ఎక్కగానే బయటపడుతుంది. ఇనుప దువ్వెన ముందు చిక్కు దాగదు కదా.

ముందు ఫ్లానెల్ సంగతి. అదీ నూలు గుడ్డే. కాస్త వదులుగా నేసి, సన్నటి తీగల బ్రష్షులతో గీకి నూగు లేపుతారు. కొన్ని ఒకవైపే, కొన్ని రెండు వైపులా. ఆ నూగులో గాలి నిలుస్తుంది, వెచ్చదనం దానిదే. వదులుగా నేయడం వల్ల వచ్చే తిప్పలు మూడు: ఉతికితే మామూలు కాటన్ కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది, కోసిన అంచు త్వరగా పోగులు విడిపోతుంది, పట్టుకుని లాగితే సాగుతుంది. మామూలు క్విల్టింగ్ కాటన్ నూటికి మూడు వంతులు ముడుచుకుంటే ఫ్లానెల్ ఐదు వంతులు ముడుచుకుంటుంది. పసిపిల్లల బొమ్మల అచ్చుతో వచ్చే పలచటి, చవక రకాలు ఇంకా ఎక్కువ.

కొనేటప్పుడు రెండు పనులు చేయండి. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, పోగుల మధ్య సందులు కనబడితే అక్కడే పెట్టేయండి. తర్వాత బొటనవేలితో ఒకేచోట గట్టిగా రుద్దండి. నూగు అప్పుడే ఉండలు కడితే రెండు చలికాలాలకి బొంతంతా ఉండలే. రాబర్ట్ కాఫ్‌మన్ వాళ్ళ మామత్ ఫ్లానెల్ మందంగా, గట్టిగా ఉంటుంది. మేవుడ్ స్టూడియో వాళ్ళ వూలీస్ చూడ్డానికి ఉన్నిలా ఉంటుంది, నిజానికి నూలే. గోధుమ, బొగ్గు రంగుల్లో బొంత కావాలంటే నా ఓటు దానికే. 2025లో జోఆన్ దుకాణాలు దేశమంతా మూతపడ్డాక తాకి చూసి కొనే వీలు బాగా తగ్గింది. ఆన్‌లైన్‌లో కొనాల్సి వస్తే ముందు పావు గజం తెప్పించుకోండి. పోస్టు ఖర్చు దండగ అనిపిస్తుంది. ఎనిమిది గజాలు తెప్పించి తిప్పి పంపడం కంటే నయమే.

ఇక అసలు సంగతి, బరువు. చలి ఎక్కువ కాబట్టి దూది మందంగా వేయాలని అందరూ అనుకుంటారు. ఫ్లానెల్ దగ్గర ఆ లెక్క తలకిందులు. 90 అంగుళాలకి 100 అంగుళాల బొంత దాదాపు 7 చదరపు గజాలు. మంచి ఫ్లానెల్ చదరపు గజానికి 5 ఔన్సులు అనుకుంటే పైనా కిందా కలిపి 70 ఔన్సులు, అంటే సుమారు 2 కిలోలు. ఇంకా దూది వేయలేదు, కుట్టుల దగ్గర మడతల బరువు కలపలేదు. దీనికి మందపాటి దూది తోడైతే ఆ బొంత మనిషి మీద పరుచుకోదు, బల్ల మీద అట్టలా నిలబడుతుంది. పక్కల నుంచి చలిగాలి దూరుతుంది. తడిస్తే ఇంటి వాషింగ్ మెషిన్ దాన్ని తిప్పలేక మూలుగుతుంది.

ఒక చలికాలం మొదట్లో హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. ‘‘అక్కా, ఇక్కడ మైనస్ ముప్పై దాకా పోతుందంట కదా! మావాడి బొంతకి దూది రెండు పొరలు వెయ్యండి. డబ్బులు ఎక్కువైనా ఫర్లేదు.’’ ఫోన్లో వాదించి లాభం లేదు. ఇంటికి రమ్మన్నాను.

నా దగ్గర ఒక సంచీ ఉంటుంది. అందులో రెండడుగుల చదరపు నమూనాలు. అన్నిటికీ పైనా కిందా ఒకే ఫ్లానెల్, లోపల దూది మాత్రం వేరు. వెనక మూల సిరాతో ఏ దూదో రాసి ఉంటుంది. ఆమెని కూర్చోబెట్టి చాయ్ చేతికిచ్చి ఒళ్ళో ఒక నమూనా పరిచాను. కాసేపయ్యాక తీసేసి ఇంకోటి. ఏది ఏదో చెప్పలేదు. చాయ్ అయ్యేసరికి ఆమె వదలకుండా పట్టుకున్నది సంచీలోకెల్లా పలచనిది. మందపాటి పాలిస్టర్ నమూనా మోకాళ్ళ మీద నిక్కబొడుచుకుని నిలబడితే తనే నవ్వి తీసి పక్కన పెట్టింది. ఈ కిటుకు మీకు ఉచితం. దూది గురించి నోటితో చెప్పకండి, ఒళ్ళో వేయండి.

ఈ బరువు లెక్క నేను పుస్తకంలో చదివింది కాదు. మిన్నెసోటాలో లూథరన్ చర్చిలు ఎక్కువ. చాలా చర్చిల బేస్‌మెంట్లలో వారానికో రోజు ఆడవాళ్ళు చేరి బొంతలు కడతారు. లూథరన్ వరల్డ్ రిలీఫ్ సంస్థ ద్వారా అవి వేరే దేశాలకి వెళతాయి. కొలత 60 అంగుళాలకి 80 అంగుళాలు. కుట్టడం కాదు, కట్టడమే. మూడు పొరల్లోంచీ గట్టి దారం దూర్చి పైన ముడి వేస్తారు. అక్కడ నాకు సూది చేతికిచ్చిన పెద్దావిడ ఒకరున్నారు. పొలంలో పుట్టి పెరిగిన మనిషి. ముడి జారకుండా రెండోసారి దారాన్ని ఒక చుట్టు ఎక్కువ తిప్పడం, నాలుగేసి అంగుళాలకి ముడి వేయడానికి స్కేలు బదులు చేతివేళ్ళ వెడల్పు వాడటం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. తయారైన బొంతని ఆవిడ చూసే పద్ధతి ఇదీ: నడిమధ్యన రెండు వేళ్ళతో చిటికెడు పట్టుకుని పైకెత్తుతారు. నాలుగు వైపులా నేరుగా కిందికి జారితే సరే. గుడారంలా విప్పారి ఉంటే తలూపి, దూది తీసి పలచటిది వేయమంటారు. నేను సొంతంగా గుడ్డా దూదీ ఎంచి కట్టిన మొదటి ఫ్లానెల్ బొంతని ఆవిడ అలా ఎత్తి, వదిలి, ‘‘ఇది మనిషిని అంటుకుని పడుకుంటుంది’’ అన్నారు. తర్వాత నాకు దుకాణాల్లో, ప్రదర్శనల్లో మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఆ మాటంత బరువు దేనికీ లేదు.

దూది రకాలకి వద్దాం.

ఫ్లానెల్‌కి నేను ఎక్కువగా వేసేది పలచటి నూలు దూది. క్విల్టర్స్ డ్రీమ్ వాళ్ళ నూలు దూదిలో నాలుగు మందాలుంటాయి. అన్నిటికంటే పలచటిది రిక్వెస్ట్. ఫ్లానెల్ మీద ఫ్లానెల్ అయితే అదే. పైన ఫ్లానెల్, కింద మామూలు కాటన్ అయితే హాబ్స్ వాళ్ళ 80/20 వేయొచ్చు. నూటికి 80 పాళ్ళు నూలు, 20 పాళ్ళు పాలిస్టర్. నూలు అంటిపెట్టుకునే గుణం ఇస్తుంది, పాలిస్టర్ కాస్త లేపి ఉంచుతుంది. వార్మ్ అండ్ నేచురల్ దొరకని ఊరుండదు, మన్నుతుంది, కానీ రెండు ఫ్లానెల్ పొరల మధ్య నా చేతికి బరువు.

ప్యాకెట్ మీద ఒక అంకె ఉంటుంది, మొదట చూడాల్సింది అదే. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో ఆ అంకె చెబుతుంది. వార్మ్ అండ్ నేచురల్‌కి 10 అంగుళాలు, డ్రీమ్ నూలు దూదికి 8, హాబ్స్ 80/20కి 4. ఫ్లానెల్ మీద కుట్టు ఎంత ఎడంగా ఉంటే బొంత అంత మెత్తగా వస్తుంది. దగ్గర దగ్గరగా కుడితే అట్ట. కాబట్టి పెద్ద అంకె ఉన్న దూది ఫ్లానెల్‌కి మేలు. ముడులు వేసే బొంతకైతే ఇది మరీ ముఖ్యం.

ఆ అంకె ఎందుకుందో నాకు తొందరగా అర్థమైంది. మాది ఆదిలాబాద్. పత్తి పండే జిల్లా, తెలంగాణలో చలి బాగా కొరికే జిల్లా కూడా. చలికాలం ముందు దూదేకులవాళ్ళు వీధిలోకి వచ్చి, వింటి నారి మీటుతూ పాత పరుపుల దూది మళ్ళీ ఏకేవాళ్ళు. ఎందుకంటే ఏకిన దూది ఒకచోట నిలబడదు. ఏడాది తిరిగేసరికి జరిగి గడ్డలు కడుతుంది. దాన్ని ఆపాలంటే దగ్గర దగ్గరగా టాకాలు వేయడం ఒక్కటే దారి. అమెరికాలో పాత బొంతల మీద కుట్లు అంగుళం, రెండంగుళాల ఎడంతో కనబడతాయి. అందంతో పాటు ఈ అవసరం కూడా ఉంది. సిన్సినాటిలో 1846లో మొదలైన స్టెర్న్స్ అండ్ ఫాస్టర్ కంపెనీ తర్వాతి కాలంలో మౌంటెన్ మిస్ట్ పేరుతో దూదికి పైన పలచటి పూత పూసి, పొర చెదరకుండా చుట్టగా అమ్మింది. చుట్టిన కాగితం మీద బొంత నమూనాలు అచ్చేసేవాళ్ళు. ఆ నమూనాల కోసమే దూది కొన్నవాళ్ళూ ఉన్నారట. ఇప్పటి దూదిని వేల సూదులతో పొడిచి పీచుల్ని ఒకదానిలో ఒకటి చిక్కిస్తారు. కొన్నిటికి స్క్రిమ్ అని పలచటి జాలీ పొర కూడా కలుపుతారు. అందుకే 10 అంగుళాలు వదిలినా కదలదు. స్క్రిమ్ ఉన్న దూది పరిచేటప్పుడు ఆ వైపు అడుక్కి రావాలి.

తెల్లచేయని నూలు దూదిలో గోధుమరంగు చుక్కలుంటాయి. అవి గింజ పొట్టు. నాకు చూస్తే మా ఊరి జిన్నింగ్ మిల్లు గుర్తొస్తుంది, కానీ లేత రంగు ఫ్లానెల్ కింద ఆ చుక్కలు నీడలా కనబడతాయి. తెలుపు, లేత గులాబీ బొంతలకి తెల్లచేసిన దూదే వేయండి. ముదురు రంగులకి నల్ల దూది దొరుకుతుంది.

ఆ నల్ల దూది ఎందుకంటే పాలిస్టర్ గడ్డం మొలిపిస్తుంది. మా పనిలో ఆ మాటే అంటాం. లోపలి పీచు వదులు నేత సందుల్లోంచి బయటికి పొడుచుకొస్తుంది, నల్ల ఫ్లానెల్ మీద తెల్ల వెంట్రుకల్లా. లాగితే ఇంకా వస్తుంది. లాగొద్దు. పాలిస్టర్ తేలిక, చవక, త్వరగా ఆరుతుంది, పసిపిల్లల బొంతలకి పనికొస్తుంది. ముదురు ఫ్లానెల్‌కి మాత్రం నేను వేయను. వెదురు దూది అని అమ్మేది చాలామటుకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్. మెత్తగా జారుతుంది, ధర ఎక్కువ, నాకు దానితో పేచీ లేదు.

ఉన్ని దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. బొంతకి బరువు పెరగకుండా వెచ్చదనం కావాలంటే ఉన్నిని మించింది లేదు. ఉన్ని పోగుకి పుట్టుకతోనే వంకీలుంటాయి, నలిపినా మళ్ళీ లేస్తుంది. మడతపెట్టిన గీత కూడా నిలబడదు. తేమ పీల్చుకుని కూడా వెచ్చగా ఉంటుంది. మా వైపు గొర్లకాపరులు వానలో గొంగడి కప్పుకుని నిలబడటం నేను చిన్నప్పటి నుంచీ చూశాను, కాబట్టి ఈ సంగతి నాకు ఏ కంపెనీ కరపత్రమూ చెప్పక్కర్లేదు. చలికాలం పొడవునా మంచం మీదే ఉండే ఫ్లానెల్ బొంతకి, ఖర్చు పెట్టగలిగినవాళ్ళకి, పలచటి ఉన్ని దూది చెబుతాను. రెండు షరతులు. కుట్టు 4 అంగుళాల లోపు ఉండాలి. వేడినీళ్ళు, వేడి డ్రయర్ తగలకూడదు. వారం వారం మెషిన్లో పడే పిల్లల బొంతకి ఉన్ని వేయమంటే నేనే వద్దంటాను.

అసలు దూదే లేకుండా కూడా చేయొచ్చు. పైనా ఫ్లానెల్, కిందా ఫ్లానెల్, మధ్యలో ఏమీ లేదు. లేదా పైనా కిందా మామూలు కాటన్ పెట్టి దూది బదులు మధ్యలో ఒక పొర ఫ్లానెల్. ఆకురాలు కాలానికి, కారు ప్రయాణానికి ఇవే హాయి. మా నాయనమ్మ బొంతల్లో దూది ఉండేది కాదు. పాత నూలు చీరలు పొరలుగా పరిచి, అంచు వెంట మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకుంటూ వచ్చేది. ఏ పొరా ముడుచుకునేది కాదు, ఒక్క ముడత వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి ఆ చీరలు కుంచించుకోవాల్సిందంతా ముందే కుంచించుకున్నాయి మరి.

అడుగు గుడ్డ రహస్యం మొత్తం అందులోనే ఉంది. పైభాగానికి ఏం జరిగిందో అడుక్కీ అదే జరిగి ఉండాలి. ముక్కలు కోయకముందు పై ఫ్లానెల్ ఉతికారా, అడుగూ ఉతకండి. ఉతకలేదా, అడుగు కూడా ఉతక్కుండా, వీలైతే అదే కంపెనీ ఫ్లానెల్ తీసుకోండి. రెండూ కలిసి ముడుచుకుంటాయి, బొంత మీద చిన్న చిన్న నలుగులు వచ్చి పాతబడిన అందం వస్తుంది. కుట్టేసిన టాప్‌ని ఉతికి సరిచేద్దామనుకోకండి, కుట్టు అంచులన్నీ పోగులు విడిపోతాయి. ఒకటి ఉతికి ఒకటి ఉతక్కుండా పెడితే మొదటి ఉతుకులోనే ఒకవైపు సంచీలా వేలాడుతుంది. అడిగితే నా సలహా: రెండూ ఉతకండి. ఉతికాక ఫ్లానెల్ నీరసపడి కోతకి లొంగదు, అప్పుడు గంజి పెట్టి ఇస్త్రీ చేయండి.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష ఉంది. మీరు వాడబోయే మూడు పొరలూ అడుగు చదరాన పెట్టి కుట్టండి. పైనా కిందా చెరగని సిరాతో 10 అంగుళాల గీత గీయండి. ఇంట్లో బట్టలు ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరబెట్టి కొలవండి. 10 అంగుళాల గీత తొమ్మిదిన్నర అయితే 90 అంగుళాల బొంత మీద నాలుగున్నర అంగుళాలు పోతాయి. పైగీతకీ కింది గీతకీ పావు అంగుళం తేడా వస్తే ఆ జోడీ వద్దు.

ఒకావిడ తండ్రి చొక్కాలు తెచ్చారు. ఆయన పోయిన ఏడాదికి. ఇక్కడి రైతులు చలికాలమంతా వేసుకునే గళ్ళ ఫ్లానెల్ చొక్కాలు, మోచేతుల దగ్గర వెలుతురు కనబడేంత అరిగినవి. జేబులు విప్పొద్దన్నారు. విప్పలేదు. అరిగినచోట్ల వెనక పలచటి అంటించే గుడ్డ వేసి ఆవిడే టాప్ కుట్టుకొచ్చారు, చాలా నేర్పుగా. అడుక్కి మాత్రం దుకాణం నుంచి అప్పుడే తెచ్చిన ఎర్ర ఫ్లానెల్, మడత కూడా విప్పనిది. చొక్కాలు ముప్పై ఏళ్ళు ఉతికినవి, ఇది ఒక్కసారీ నీళ్ళు చూడలేదు. పైగా ఎరుపు. ఆవిడని మర్నాడు రమ్మని ఆ గుడ్డని నేనే మూడుసార్లు ఉతికాను, రంగు పట్టే కాగితాలు వేసి. మొదటిసారి కాగితం గులాబీ రంగుకి తిరిగింది, రెండోసారి కాస్త. మూడోసారి తెల్లగా వచ్చాక ఫ్రేముకి ఎక్కించాను. దూది పలచటి నూలుది, కుట్టు ఎడంగా. జేబుల దగ్గర మెషిన్ ఆపి చుట్టూ చేత్తో నడిపాను. జేబుల్లోకి చెయ్యి దూరాలి, ఆవిడ అడిగింది అదే.

అడుగు గుడ్డ కొలతకి వద్దాం. లాంగ్‌ఆర్మ్‌కి ఇవ్వాలంటే బ్యాకింగ్ టాప్ కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. 80కి 90 టాప్ అయితే 88కి 98 కావాలి. ఆ అదనం లేకపోతే నా బిగింపులు టాప్ మీదికి వచ్చి మెషిన్ తలకాయ తగులుతుంది. ఫ్లానెల్ తాను 42 అంగుళాల పన్నా, ఉతికి అంచు తీసేస్తే 40 మిగులుతుంది. రెండు పట్టీలు చాలవు, మూడు కావాలి. అడ్డంగా కలిపితే 8 గజాలు. నిలువుగా కలిపితే ఇంకా ఎక్కువ పడుతుంది, పైగా నిలువు కుట్టు రోలర్ మీద ఒకేచోట చుట్టుకుంటూ గట్టులా లేస్తుంది, మధ్యలో గుడ్డ బిగుతు మారిపోతుంది. అడ్డంగానే కలపండి. కలిపేముందు తాను అంచు కత్తిరించేయాలి, అది బిగుతు నేత, మిగతా గుడ్డతో సమానంగా ముడుచుకోదు. కుట్టు మార్జిన్ అర అంగుళం వదిలి, ఇస్త్రీతో రెండు వైపులకీ విడదీసి పడుకోబెట్టండి.

ఇదంతా వద్దనుకుంటే 108 అంగుళాల పన్నా ఫ్లానెల్ దొరుకుతుంది. అదే బొంతకి రెండు ముప్పాతిక గజాలు సరిపోతుంది, కుట్టే ఉండదు. గజం ధర చూసి భయపడతారు గానీ మొత్తం లెక్క వేస్తే పెద్ద తేడా రాదు. రంగులే తక్కువ.

మింకీ అడుగుతారు, ముఖ్యంగా పిల్లల తల్లులు. పట్టులా మెత్తగా ఉండే పాలిస్టర్ గుడ్డ. అది కుంచించుకోదు, ఒకవైపు సాగుతుంది, వేడి ఇస్త్రీ తగిలితే కరుగుతుంది. దాని మీద ఉతకని ఫ్లానెల్ టాప్ తెస్తే తిప్పి పంపుతాను. ఉతికిన ఫ్లానెల్ అయితే సరే, దూది మాత్రం అత్యంత పలచటిదో, అసలు లేకుండానో. దుప్పట్లు కూడా తెస్తారు, దగ్గర నేత ఉన్నవి. నేత ఎంత దగ్గరైతే సూది అంత మొరాయిస్తుంది. ఫ్లానెల్ దుప్పటి అయితే ఉతికి తెమ్మంటాను, వాడొచ్చు. అడుగు మామూలు కాటన్ పెట్టడం కూడా తప్పు కాదు. ఫ్లానెల్ మంచం దుప్పటిని పట్టుకుని జరగదు, కాటన్ అయితే నిద్రలో సులువుగా జరుపుకోవచ్చు. రాత్రంతా దొర్లే మనిషికి నేను కాటన్ అడుగే చెబుతాను.

మెషిన్ దగ్గర జాగ్రత్తలు క్లుప్తంగా. ఫ్లానెల్ పీచు వదిలే తీరుకి హద్దు లేదు. బాబిన్ మార్చిన ప్రతిసారీ కేసు విప్పి బ్రష్ పెట్టండి, లేదంటే పీచు ముద్దకట్టి దారం బిగుతు చెడుతుంది, వెనకవైపు ఉచ్చులు పడతాయి. ఇంటి మిషన్ మీద కుట్టేవాళ్ళు 90/14 సూది, పై గుడ్డనీ కింది గుడ్డనీ సమానంగా జరిపే వాకింగ్ ఫుట్, 3 మిల్లీమీటర్ల కుట్టు పెట్టుకోండి. టాప్ కుట్టేటప్పుడు మార్జిన్ పావు అంగుళంతో ఆపకుండా అందులో సగం ఇంకా కలుపుకోండి, పోగులు విడిపోయినా కుట్టు నిలబడుతుంది. చిన్న చిన్న ముక్కల డిజైన్లు ఫ్లానెల్‌కి వద్దు. ఎనిమిది కొసలు ఒకచోట కలిస్తే అక్కడ గడ్డలా లేచి మెషిన్ పాదం తట్టుకుంటుంది, ఎంత మంచి దూదీ దాన్ని దాచలేదు. పెద్ద గళ్ళు పెట్టండి. పైకుట్టుకి పెద్ద పెద్ద అలలు, ఎడంగా తిరిగే తీగలు. ఈకల్లాంటి సన్నపనితనం నూగులో మునిగిపోతుంది, చేసిన శ్రమకి కూలి కూడా గిట్టదు. నేను ఆ పని మామూలు కాటన్ కోసం దాచుకుంటాను.

బొంత అప్పగించేటప్పుడు ఒక చీటీ పిన్ను పెట్టి ఇస్తాను. మొదటి ఉతుకు చన్నీళ్ళలో, విడిగా, రంగు పట్టే కాగితం వేసి. డ్రయర్ తక్కువ వేడి మీద. మధ్యలో ఒకసారి ఆపి జాలీలో పీచు తీసేయాలి, పిడికెడు వస్తుంది, కంగారు పడొద్దు. ఇంకా కాస్త తడి ఉండగానే తీసి పరిచి ఆరబెట్టాలి. అంచులు పైకి పోగులు వదిలేలా కుట్టే ర్యాగ్ బొంత అయితే మొదటి రెండు ఉతుకులూ ఇంట్లో వద్దు, పెద్ద మెషిన్లున్న లాండ్రోమాట్‌కి తీసుకెళ్ళండి. డబ్బులు ఎక్కువ అనిపిస్తే మీ డ్రయర్ గొట్టం శుభ్రం చేయించే ఖర్చు కనుక్కుని, తర్వాత నాకు ఫోన్ చేయండి.